బ్యాకప్‌ను దొంగ అన్న యాంటీవైరస్

యాంటీవైరస్ వేయించుకుని, అది దేన్ని ఆపుతోందో ఒక్కసారీ చూడని బద్ధకస్తులు మీరు. కోపమొస్తే రానివ్వండి.

ఈ రోజు మధ్యాహ్నం బయ్యారం దగ్గరి తండా నుంచి సోమ్లా వచ్చాడు. ఈ మధ్యే చనిపోయిన వాళ్లమ్మ పోడు భూమి గురించి లంబాడీలో చెప్పిన రికార్డింగు కావాలన్నాడు. నేను తండాలు తిరిగి రికార్డు చేసిన అలాంటి అవ్వల గొంతులెన్నో మా ఇంటి కంప్యూటర్‌లో ఉన్నాయి. తెరవబోతే హార్డ్‌డిస్క్ టకటకమంటూ మొరాయించింది. ధీమాగా బ్యాకప్ డిస్క్ పెట్టాను. ఖాళీ! యాంటీవైరస్ తెరిచి చూస్తే తెలిసింది: అన్ని ఫైళ్లనూ ఒకేసారి ముట్టుకుంటోందని బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను అది దొంగ కింద జమకట్టి, పెట్టిన మొదటి రోజు నుంచీ నెలలుగా ఆపేస్తోంది.

దాన్ని వేసిన షాపతనికి ఫోన్ చేశాను.

"ఆపినట్టు నాకు ఒక్క మెసేజ్ రాలేదేందయ్యా?"

"గవన్నీ నేనే బంద్ జేసిన సార్. పెద్దమనుషులు, ఊకె పరేషాన్ అయితరని."

"నా ఇంట్ల ఏమైతుందో నాకు తెల్వద్దా?"

"తెలిస్తే ఏం జేస్తరు సార్? మళ్ల నాకే ఫోన్ జేస్తరు."

మర్యాద పేరుతో నోరు నొక్కడం చివరికి కంప్యూటర్ దాకా వచ్చింది!

బ్యాకప్‌కు అనుమతిచ్చి కాపీ మొదలుపెట్టాను. సోమ్లా తల్లి గొంతు దక్కింది. మిగతావి సగంలో ఉండగానే హార్డ్‌డిస్క్ చచ్చింది.

"అన్నా, కడమ అవ్వల పిల్లలకు ఏమని చెప్పాలె?" అన్నాడు సోమ్లా.

నా డిమాండ్లు ఇవి. కాదనేవాళ్లు కింద వాదించండి.

షాపులవాళ్లు అడగకుండా హెచ్చరికలు ఆపొద్దు.
యాంటీవైరస్ వేసిన రోజే అందులో బ్యాకప్‌కు అనుమతి ఇవ్వాలి.
మీరు ఈ రోజే మీ బ్యాకప్‌లోని ఒక ఫైలు తెరిచి చూడాలి.