మైపాడు పిక్కలు

మనిషి సముద్రంలో పడితే అయ్యో అంటారు, బావిలో పడితే తాడు వేస్తారు. నేను చేపల గంపలో పడ్డాను. అదీ కళ్లు మూసుకుని, నా ఇష్టపూర్వకంగా, మా గైడ్ గారి ఎదుట. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మైపాడులో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నేను నెల్లూరులో ఫిజియోథెరపీ పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మాది వెంకటాచలం దగ్గర వరి పండించే ఇల్లు. నీళ్లంటే మడిలో చీలమండ దాకా ఉండేవేనని నా నమ్మకం. నేను మాత్రం పెద్ద శాస్త్రవేత్తనని అంతకన్నా గట్టి నమ్మకం.

నా సంగతి పక్కన పెట్టండి, నా పరిశోధన విషయం మాత్రం నిజంగా ముచ్చటైనది. చిమ్మచీకట్లో అన్నం తిన్నా ముద్ద నోట్లోకే పోతుంది గాని చెవిలోకి పోదు. ఎందుకంటారు? మన కండల లోపల కదురు ఆకారంలో సన్నటి పోగులున్నాయి. నరం కొస వాటిని తీగలా చుట్టుకుని ఉంటుంది. ఆ కొస పొరలో పీజో-2 అనే ప్రోటీను ఒక బుల్లి తలుపు. కండ సాగితే తలుపు తెరుచుకుంటుంది, బయట కాచుకున్న అయాన్లు లోపలికి తోసుకొస్తాయి, "సాగింది, సాగింది" అని నరం వెన్నుపాముకు కబురు పెడుతుంది. చూడకుండానే మన కాలు ఎక్కడుందో మనకు తెలిసేది ఇలాంటి కబుర్ల వల్లే. ఇది చదివిన రోజు నా పిక్కను నేనే నొక్కి చూసుకుని మురిసిపోయాను.

ఇంత తెలివైన ఏర్పాటుకూ ఒక అమాయకత్వం ఉంది. మడమ వెనక తాడులా తగిలే స్నాయువు మీద గడగడ వణికే మిషను పెడితే, ఆ వణుకునే సాగడం అనుకుంటుంది. మనిషి ముందుకు తూలుతున్నాడని మెదడు కంగారుపడి వెనక్కి లాగుతుంది. కళ్లు మూసుకున్నవాడు నిలబడ్డ చోటే వెనక్కి వాలిపోతాడు. దీన్ని పదిమంది మీద చూపించాలి. అదే నా థీసిస్.

పట్నంలో ఎవరికీ తీరిక లేదు. సముద్రపొడ్డున మైపాడులో అయితే చేపల వేట నుంచి వచ్చి వలలు బాగుచేసుకునేవాళ్లు దొరుకుతారని బస్సెక్కాను. ఆ వారం దాటితే గడువు అయిపోతుంది, ఆరు నెలలు పోతాయి. అందుకని ముందుచూపుతో ఫలితాల అధ్యాయం ఇంట్లోనే టైపు చేసేశాను: "పాల్గొన్న పదిమందీ వెనక్కి వాలారు." ఆలు లేదు, చూలు లేదు, అయిదో అధ్యాయం పేరు ఫలితాలు! మా గైడ్ పద్మజ మేడం మాత్రం ఒకే మాట చెప్పారు: "ముందు నీ మీద పెట్టుకుని చూడు." అంత చిన్న పని నాబోటివాడు చేస్తాడా?

మేడం స్వయంగా చూస్తానని వచ్చారు. మొదట ముందుకొచ్చింది పోలయ్యన్న. ముప్పై ఏళ్లుగా బోటు నడిపే మనిషి.

"అబ్బయా, సూది గీదీ గుచ్చుతావా?"

"లేదన్నా, ఊరికే వణుకుతుంది. నువ్వు వెనక్కి పడతావు, నేను పట్టుకుంటా."

"నువ్వా? నన్నా?" అని నా చేతుల వంక జాలిగా చూశాడు.

కళ్లు మూసుకున్నాడు. మిషను వేశాను. మనిషి కదల్లేదు.

"ఎట్టుండాదన్నా?"

"బలే ఉండాది. పొద్దున్నుంచి పీకతా ఉండిన పిక్కలు నెమ్మదించినాయి. ఇంకాసేపు పెట్టు."

రెండోవాడూ అంతే. మూడోవాడూ అంతే. ఏడో అతను నిలబడే కునుకు తీశాడు. పదిమందీ అయ్యారు, ఒక్కడూ వాలలేదు. పైగా ఇంకోసారి పెట్టమని వరస కట్టారు. ఆరు నెలలు కళ్ల ముందే కొట్టుకుపోతున్నాయి.

"మిషను చెడిపోయినట్టుంది మేడం."

"నీ మీద పెట్టి చూశావా?"

"ఇప్పుడు చూస్తా మేడం."

మిషను కాలికి కట్టుకుని కళ్లు మూసుకున్నాను. వెనక నుంచి పోలయ్యన్న భార్య మస్తానమ్మక్క కేకేసింది: "అబ్బయా, నీ వెనకాల గంపుండాది, చూసుకో!"

"పడనులే అక్కా, మిషను పనిచెయ్యడంలా."

పోలయ్యన్న బటన్ నొక్కాడు.

నేను ముందుకు తూలుతున్నానని నా మెదడు నిజాయితీగా నమ్మింది. నిజాయితీగా వెనక్కి లాగింది. కళ్లు తెరిచేసరికి గంపలో కానాగంత చేపల మధ్య కూర్చుని ఉన్నాను. కాలికి మిషను ఇంకా గడగడలాడుతూనే ఉంది.

"మిషను బాగానే ఉండాదే!" అన్నాడు పోలయ్యన్న.

"ముందు లెయ్ సామీ, చేపలు నలిగిపోతా ఉండాయి!" అంది మస్తానమ్మక్క.

"నువ్వెందుకు పడలేదన్నా?" అని గంపలో నుంచే అడిగాను.

"దినామూ బోటు ఇంజను మీద నిలబడతాం గదా అబ్బయా. చెక్కలు, కాళ్లు, పళ్లు అన్నీ గడగడలాడతాయి. దాని ముందర నీ మిషనెంత? వణికినప్పుడల్లా పడతా ఉంటే వల లాగేదెవరు?"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు బోటులో ఉన్నాడన్నమాట. మేడం కళ్లు మెరిశాయి. "పీజో తలుపులు వాళ్లకూ మనకూ ఒకటే. కబురు వెళ్తూనే ఉండొచ్చు. దాన్ని నమ్మాలా వద్దా అన్నది మెదడు బోటులో నేర్చుకుందేమో. మనకు తెలియదు. తెలియదన్న ఆ మాటే రాసిపెట్టు, అదే నీ థీసిస్. ఇక పోల్చడానికి బోటెక్కనివాళ్లు కావాలి."

బతికానురా అనుకున్నాను. "ఎవరినైనా వెతుకుతాను మేడం."

"ఒకడు దొరికాడు," అంటూ ఫలితాలు రాసుకుంటున్న పుస్తకం నా వైపు తిప్పారు. నేను గంపలో నుంచి లేవకముందే ఆమె రాసేశారు: "బోటెక్కనివారు, ఒకటో వ్యక్తి. వెంకటాచలం. పూర్తిగా పడ్డాడు."

కనుక సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఎవరూ పడకముందే పడ్డారని జన్మలో రాయను. నేను పడాల్సి వస్తే మాత్రం, చేతిలో పుస్తకం ఉన్నవాళ్ల ఎదుట పడను.