నున్నమావయ్య కత్తి

వీధంతా ఆయన్ని నున్నమావయ్య అనేది. ఆయన గీసిన చెంప మీద ఈగ వాలినా జారిపడుతుందని మెచ్చుకోలు. మెషీనుతో జుట్టు కత్తిరించడం ఎవడికైనా వస్తుంది, కత్తి పట్టడమే విద్య అనేవాడాయన. నలభై ఏళ్ళలో ఒక్క గొంతూ గీరుకోలేదు.

పోయిన ఏడాది షుగరు ఇంజెక్షన్ల దాకా వచ్చింది. కూతురు ఆయన ఎడమ జబ్బకి చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దదైన, చక్కెర కొలిచే బిళ్ళ అతికించింది. ఒంట్లో చక్కెర పడిపోతే షాపు సొరుగులో ఆయన ఫోనూ, కొరియర్ ఆఫీసులో ఆమె ఫోనూ ఒకేసారి కూస్తాయి.

“ఇంజెక్షను చేసుకుని వెంటనే తినకపోతే చక్కెర పడిపోతుంది, చెయ్యి వణుకుతుంది నాన్నా. నీ చేతిలో ఉండేది దువ్వెన కాదు.”

చిక్కంతా మధ్యాహ్నం కునుకుతో వచ్చింది. ఆయన బల్ల మీద ఎడమ పక్కకి తిరిగి పడుకుంటాడు. ఒంటి బరువు పడి బిళ్ళ నొక్కుకుపోతే అంకె ఊరికే దిగిపోయేది. కూతురు పార్సిళ్ళు వదిలేసి మూడుసార్లు పరిగెత్తుకొచ్చింది. మూడుసార్లూ ఆయన హాయిగా గురకపెడుతున్నాడు.

“నీ గురక వినడానికా నేనొచ్చింది! మా మేనేజరు నన్ను నమిలేస్తున్నాడు.”

“అది అబద్ధాలకోరు తల్లీ. కునుకు వేళ దాని నోరు మూసెయ్.”

కుడి పక్కకి తిరిగి పడుకుంటే సరిపోతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. రోజూ ఒంటిగంట నుంచి మూడింటి దాకా రెండు ఫోన్లనీ మూగవి చేసేశారు.

ఒకరోజు షాపులో జనం ఎక్కువ. ఇంజెక్షను పొడుచుకుని క్యారియరు విప్పబోతే ఒకరి వెనక ఒకరు ముగ్గురొచ్చారు. నాలుగోవాడు రిటైరైన పోస్టుమాన్, పాతికేళ్ళ నేస్తం.

“ముందు నా సంగతి చూడు బావా. నీ క్యారియరుకి కాళ్ళు లేవుగా, పారిపోదు.”

అప్పటికి రెండు దాటింది. నున్నమావయ్య మెడ వెనక చల్లటి చెమట పట్టింది. అద్దంలో పోస్టుమాన్ ముఖం రెండుగా కనపడింది. ఇంకొక్క గీతేగా అనుకున్నాడు. దవడ కింద కత్తి జారింది. తెల్లటి నురుగు ఎర్రబడింది.

“ఏంటి బావా, స్టాంపు గుద్దావా?” అని నవ్వబోయిన పోస్టుమాన్ అద్దంలో ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. ఒక చేత్తో తన మెడకి తువ్వాలు అదుముకుంటూనే, ఎదురుకొట్లోంచి చక్కెర నీళ్ళు తెచ్చి పట్టించాడు.

కబురంది కూతురు వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు.

“ఆ ఫోన్ల కూత నేనే ఆపాను నాన్నా...”

“ఆపమన్నది నేను.”

పోస్టుమాన్‌కి నాలుగు కుట్లు పడ్డాయి. వారం తిరక్కుండానే వచ్చి కుర్చీలో కూర్చుని గడ్డం పైకెత్తాడు. నున్నమావయ్య బ్రష్షు తడిపి చెంపలనిండా నురుగు పట్టించాడు. కుట్ల దగ్గర వేలు ఆగింది.

తువ్వాలు తీసి, ఆ నురుగంతా మెల్లగా తుడిచేశాడు.

“వీధి చివర కుర్రాడు బాగానే గీస్తాడు బావా. అక్కడికెళ్ళు.”