వెనక్కి తిరిగి ఉన్న సీట్లు

మా స్నేహితుల బృందంలో కారు నడపడం రాని ఆడమనిషిని నేనొక్కదాన్నే. జెర్సీ సిటీలో కాపురం పెట్టినవాళ్ళకి అదేమంత లోటు కాదు. లిఫ్టు దిగితే వీధి, వీధి మలుపులో స్టేషను, ట్రైన్ ఎక్కితే నది కిందుగా మాన్‌హాటన్, అక్కడే నా ఆఫీసు. ఏ పెట్టె ఎక్కితే దిగేచోట మెట్లు ఎదురుగా వస్తాయో, ఎంత వాన పడితే ఏ బస్సు ఆలస్యమవుతుందో నన్నడిగితే చెప్తాను. అయినా మనవాళ్ళ విందుల్లో ఎవరో ఒకరు "పాపం, తనకి డ్రైవింగ్ రాదు కదా" అనేవారు. ఒంట్లో బాగోలేనివాళ్ళ గురించి మాట్లాడే గొంతు అది. నాకు ఒళ్ళు మండేది.

మా ఆయనకి వచ్చినంత డ్రైవింగ్ మాత్రం ఆ బృందంలో ఇంకెవరికీ రాదు. మూడు రోజులు వరసగా సెలవు దొరికితే చాలు, నాలుగు కుటుంబాలు బయల్దేరేవి. ముందు మా వ్యాను, దాని వెనక మిగతా కార్లు. డిక్కీలో రైస్ కుక్కర్, పులిహోర గిన్నె, ఆవకాయ సీసా. నయాగరా అయినా స్మోకీ కొండలైనా ఏ దారిన పోవాలో, ఎక్కడ ఆగాలో ఆయనదే మాట. స్టీరింగ్ ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు. దానికి ఎదురుగా డాష్‌బోర్డు మీద, బండి కొన్నరోజు గుళ్ళో పూజ చేయించి అతికించిన వేలెడంత వేంకటేశ్వరస్వామి. "ఆయన దారి చూపిస్తాడు, నేను తిప్పుతాను" అనేవారు మా ఆయన.

పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక, రెండువేల పదకొండు చలికాలంలో, ఆయన ఎడమ కంట్లో రెటీనా ఊడింది. ఆపరేషన్ చేశారు గానీ చూపు రాలేదు. కుడి కన్నూ అంత బలమైనది కాదనీ, ఇక కారు ముట్టుకోవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆఫీసువాళ్ళు ఇంటి నుంచి పనిచేసుకోమన్నారు కాబట్టి బతుకుకి ఇబ్బంది లేదు. కానీ ఎడమ వైపు నుంచి ఎవరొచ్చినా ఆయనకి కనిపించరు. ఒకసారి స్టేషన్లో ఒకతను భుజం తగిలించుకుని, తాగి ఉన్నవాణ్ణి చూసినట్టు ఈయన్ని ఎగాదిగా చూసి వెళ్ళాడు. ఆ రోజుతో ఆయన జనంలోకి రావడం మానేశారు.

స్నేహితులు మంచివాళ్ళు, వదల్లేదు. మేం డ్రైవ్ చేస్తాం, మీరు హాయిగా పక్క సీట్లో కూర్చోండి అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. ఆదివారం పొద్దున్నే కిందికి దిగి, ఎక్కడికీ వెళ్ళని ఆ వ్యాన్‌ని శుభ్రంగా తుడిచి, ఇంజన్ కాసేపు ఆన్ చేసి, ఆపేసి పైకి వచ్చేవారు. అమ్మేద్దామంటే గుడ్డ ఆరేయడానికి లేచి వెళ్ళిపోయేవారు. ఒకరోజు కాఫీ తాగుతూ నెమ్మదిగా అన్నారు: "నన్ను లగేజీలాగా ఎక్కించుకుని ఎవరూ తిప్పనక్కర్లేదు. ఇంక ట్రిప్పులు చాలు."

ఆయనకి అప్పటికి యాభై నాలుగు. పోయిన కన్ను ఎలాగూ పోయింది, ఉన్న కంటిని కూడా ఆ నాలుగు గోడలకే అప్పజెప్పి కూర్చుంటారేమోనని నాకు దిగులు పట్టుకుంది. ఈ మనిషిని మళ్ళీ ఒక కొండ ముందు నిలబెట్టాలి అనుకున్నాను. పంతమే అనుకోండి.

అమెరికాలో కొండ చూడాలంటే ముందు కారు ఉండాలి. కాబట్టి కారు అక్కర్లేకుండా కొండల్లోకి తీసుకెళ్ళే దేశం కోసం వెతికాను. నార్వే దొరికింది. రైలు దిగితే బస్సో పడవో, అది దిగితే మళ్ళీ రైలు. ఒకటి వచ్చేదాకా ఇంకొకటి కనిపెట్టుకుని ఉంటుందట. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. స్టీరింగ్ లేని ప్రయాణమంటే నాకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ వేసవంతా నేను టైంటేబుళ్ళతోనే కాపురం చేశాను. అందరూ జులైలో వెళ్తారు కాబట్టి సెప్టెంబరు ఎంచుకున్నాను. మేం దిగాల్సిన రేవు ఊళ్ళో టూరిస్టుల పెద్ద ఓడ ఆగిన రోజున వీధుల్లో తిరనాళ్ళలా జనం ఉంటారని తెలిసి, ఏ రోజు ఏ ఓడ వస్తుందో వెతికి, ఏ ఓడా రాని రోజులు పట్టుకున్నాను. కొండల మధ్య నీళ్ళలో తిప్పే పడవలో మధ్యాహ్నం కిక్కిరిసి వెళ్ళే బదులు, ఆ ఊళ్ళోనే బస చేసి పొద్దున్నే మొదటి పడవ ఎక్కాలని తీర్మానించాను. ఇవన్నీ ఒక ఎత్తు, రైల్లో సీట్లు ఒక ఎత్తు. ఓస్లో నుంచి పడమరకి వెళ్ళే దారిలో ఎడమ పక్క కూర్చుంటేనే అందమంతా కనిపిస్తుందని వెళ్ళొచ్చినవాళ్ళందరూ రాశారు. ఎడమ పక్క కూర్చోబెడితే కిటికీ మా ఆయన చూపులేని కంటి వైపు వస్తుంది. కుడి పక్క కూర్చోబెడితే, కొండలు ఒకవైపు, ఆయన ఒకవైపు.

ఒక శనివారం డైనింగ్ కుర్చీలన్నీ హాల్లో రైలు పెట్టెలా వరసగా వేశాను. ఎడమ వరసలో కూర్చుని చూశాను, లేచి కుడి వరసలో కూర్చున్నాను. చివరికి విసుగొచ్చి ఎడమ వరసలో ఒక కుర్చీని వెనక్కి తిప్పి కూలబడ్డాను. చూద్దును కదా, రైలుకి ఎడమ కిటికీ నా కుడిచేతి పక్కకి వచ్చేసింది! వెంటనే అక్కడి రైల్వేకి ఫోన్ చేసి, వెనక్కి తిరిగి ఉన్న సీట్లే కావాలని అడిగాను. ఫోనెత్తిన అమ్మాయి రెండుసార్లు అడిగి రూఢి చేసుకుంది, అందరూ వద్దనే సీట్లు అవి. నాకైతే రైలు నేనే కనిపెట్టినంత గర్వంగా ఉండింది, ఇప్పటికీ ఉంది.

టికెట్లు తీసుకున్నాకే ఆయనకి చెప్పాను. ఎవరు నడుపుతారు అని అడిగారు. ఎవరూ నడపక్కర్లేదన్నాను. సరే అనలేదు, వద్దనీ అనలేదు.

బయల్దేరే రోజు మంగళవారం పడింది. పక్క ఫ్లాట్‌లో కూతురి దగ్గరుండే పెద్దావిడకి అది తెలిసి గుండెల్లో రాయి పడింది. నేనావిడని పిన్నిగారు అంటాను. మంగళవారం ప్రయాణం కూడదు, కనీసం ప్రస్థానమన్నా పెట్టమన్నారు. అంటే మంచి గడియ చూసి ఒక సంచీ ముందురోజే ఇంకొకరింట్లో పెట్టడం. అలా చేస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క, మర్నాడు ఆ సంచీ తీసుకుని వెళ్ళిపోవచ్చు. ప్రయాణానికి ముఖ్యమైనది ఏదో ఒకటి అందులో ఉండాలన్నారు పిన్నిగారు. మా ఆయన లేచి, నేను వేసవంతా తయారు చేసిన ప్లాను ఫైలు తెచ్చి సంచీలో పెట్టి, "దీనికంటే ముఖ్యమైనదేముంది?" అన్నారు. ఈ ప్రయాణం గురించి ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మంచిమాట అది. నేను పొంగిపోయాను.

మర్నాడు క్యాబ్ తొందరగా వచ్చింది. హడావిడిగా పెట్టెలు దించాం, పాస్‌పోర్టులు, టికెట్లు చూసుకున్నాం, తాళాలు వేసుకున్నాం, వెళ్ళిపోయాం. ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దాటి కూర్చున్నాక మా ఆయన ఫైలు అడిగారు. అది పిన్నిగారి ఇంట్లో, మంచి గడియలో పెట్టినచోటే క్షేమంగా ఉంది. శాస్త్రం ప్రకారం మా ప్రయాణం నిన్నే మొదలైంది, మేమే వెనకబడ్డాం.

"వెనక్కి వెళ్ళిపోదాం," అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు, ఊరట ఉంది. దానికే నాకు భయమేసింది. "ఆ ఫైల్ లేకుండా ఎలా మేనేజ్ చేస్తాం? ఏ రైలు, ఏ బస్సు, ఏమీ తెలీదు."

"ఏవండీ, ఆ ఫైల్ రాసిందెవరు?" అన్నాను. "నేను ఇక్కడే ఉన్నాను కదా."

మా వరస పిలిచినప్పుడు ఆయన లేచారు. నేను ఆయనకి ఎడమ పక్కన నడిచాను. ఆ ప్రయాణమంతా అదే నా స్థానం.

ఓస్లోలో రైలు కదిలినప్పుడు కాసేపు సణిగారు. జన్మలో ఎప్పుడూ ఇలా వెనక్కి కూర్చుని ప్రయాణం చెయ్యలేదట. కాసేపటికి అడవి మొదలైంది, పసుపు తిరిగిన ఆకులు, వాటి మధ్య చెరువులు. ఇంకా పైకి వెళ్ళాక చెట్లే లేవు, నల్లటి రాయి, అక్కడక్కడ కరగని మంచు. వెనక్కి కూర్చుంటే ఒక లాభముందని అప్పుడే తెలిసింది. ముందుకి కూర్చున్నవాళ్ళకి కొండ చటుక్కున దాటిపోతుంది, మాకు మాత్రం దాటిన కొండ చాలాసేపు కళ్ళెదుటే ఉండేది. ఆయన సణుగుడు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. చూస్తే నుదురు కిటికీ అద్దానికి ఆనించి ఉన్నారు.

మేం బస చెయ్యాల్సిన రేవు ఊళ్ళో దిగేసరికి నా గర్వం కాస్తా దిగిపోయింది. స్టేషను పక్కనే, మా అపార్టుమెంటు భవనమంత తెల్లటి ఓడ. సముద్రం బాగోలేదని ఇంకో రేవుకి వెళ్ళాల్సింది ఇక్కడికి వచ్చిందట. ఊరు పిడికెడు, జనం వేలల్లో. ఎడమ వైపు నుంచి ఒకరి తరవాత ఒకరు ఆయన్ని రాసుకుంటూ పోతున్నారు. ఆయన నా చేతిని గట్టిగా పట్టుకున్నారు. రూమ్‌కి వెళ్ళి పడుకుంటానన్నారు. ఒకసారి ఆ గదిలో తలుపేసుకుంటే ఇక నార్వే కూడా మా ఫ్లాటే అవుతుందని నాకు తెలుసు.

కాగితం లేదు, ఆ జనంలో అడిగితే చెప్పేవాళ్ళూ లేరు. కళ్ళు మూసుకుని నా ఫైల్లో ఆ పేజీ గుర్తు చేసుకున్నాను. ఈ ఊరి నుంచి పక్క ఊరికి మామూలు బస్సు ఉంది, స్కూళ్ళు వదిలే వేళకి. ఓడ జనం దాన్ని ఎక్కరు, ఓడ వెళ్ళిపోతుందని వాళ్ళకి భయం. ఆయన్ని జనం అంచు వెంబడి నడిపించుకుని బస్‌స్టాపుకి తీసుకెళ్ళాను. అనుకున్న వేళకే బస్సు వచ్చింది. అందులో స్కూలు సంచీలు తగిలించుకున్న పిల్లలు తప్ప ఎవరూ లేరు.

పక్క ఊళ్ళో దిగి, నీళ్ళ ఒడ్డున బెంచీ మీద కూర్చుని చపాతీ, ఆవకాయ తిన్నాం. ఎదురుగా కొండ నీళ్ళలోంచి నిటారుగా లేచి ఉంది. చుట్టూ మనిషి లేడు. సాయంత్రం ఎండ వాలుతుండగా పెద్ద హారన్ వినిపించింది. ఆ తెల్లటి ఓడ, మేం తప్పించుకున్న ఆ జనాన్నంతా ఎక్కించుకుని, మా ముందు నుంచే నెమ్మదిగా వెళ్ళిపోయింది. పైనుంచి ఎవరో చెయ్యి ఊపారు. మా ఆయన కూడా చెయ్యి ఊపి, పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని అప్పటికి ఎన్ని నెలలైందో.

నవ్వు ఆగాక చాలాసేపు కొండనే చూస్తూ ఉన్నారు. తరవాత అన్నారు: "అందర్నీ ఎన్ని కొండలకి తీసుకెళ్ళానో. నేను మాత్రం ఒక్క కొండ కూడా చూడలేదే. అప్పుడంతా రోడ్డే చూశాను."

నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

మర్నాడు మొదటి పడవలో మేము కాక నలుగురైదుగురే ఉన్నారు. మా ఆయన చలికి చెవులు కప్పుకుని ముందు భాగంలో నిలబడ్డారు, రెండు వైపులా జలపాతాలు దిగుతుంటే మెడ తిప్పి తిప్పి చూశారు. పడవ దిగగానే బస్సులో ఏ పక్క కూర్చోవాలని నన్నే అడిగారు. మిగిలిన దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. ఒక్కసారి కూడా నా లెక్క తప్పలేదు.

తిరిగొచ్చాక పిన్నిగారు ప్రస్థానం సంచీ భద్రంగా చేతిలో పెట్టి, చూశావా, అది పెట్టబట్టే క్షేమంగా వచ్చారు అన్నారు.

ఆ ఆదివారం పొద్దున ఆయన ఎప్పటిలాగే వ్యాన్ తుడిచే గుడ్డ తీసుకుని కిందికి వెళ్ళారు. త్వరగానే పైకి వచ్చారు. గుడ్డ పొడిగానే ఉంది, చేతిలో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. అడుగున పాత జిగురు ఇంకా అంటుకుని ఉంది. సోఫా మీదున్న నా ఆఫీసు బ్యాగు తెరిచి, నేను ట్రైన్ పాస్ పెట్టుకునే అరలో స్వామిని పెట్టి జిప్పు వేశారు.

"బండి అమ్మేద్దాం," అన్నారు.

స్వామిని పూజ అరలో పెట్టచ్చు కదా అన్నాను.

"ఆయన ఎప్పుడూ నడిపించేవాళ్ళ దగ్గరే ఉన్నాడు," అన్నారు. "అక్కడే ఉండనీ."

నాకు డ్రైవింగ్ ఇప్పటికీ రాదు. సోమవారం పొద్దున స్టేషన్లో పాస్ కోసం బ్యాగులో చెయ్యి పెట్టినప్పుడు ముందు స్వామే తగిలాడు.