గుండీల డబ్బా

“గుండె మాత్రలు పెట్టినావా?”

“పెట్టినాలేప్పా, ఎన్నిసార్లు అడుగుతావు.”

మా ఆయనకూ నాకూ అవే చివరి మాటలు. ఆయన పుంగనూరులో దర్జీ. ఆయనా, మా ముస్లిం మగవాళ్లు ఇంకొందరూ దారి చూపే మనిషితో మూడు రోజులు కుప్పం అడవిలో సంచులు మోసుకుని నడుస్తూ, అక్కడే నమాజు చేసుకుంటూ ఉండాలని బయలుదేరారు.

ఆయన మాత్రలను అట్టల్లోంచి తీసి రేకు డబ్బాలో పోసుకునేవాడు. కుట్టు మిషను దగ్గర గుండీలకూ అలాంటి డబ్బానే. నేను ఊపి చూసి, గలగలమంటే సంచిలో పెట్టేశాను. మరునాడు పొద్దున గుండీ కోసం డబ్బా తెరిస్తే మాత్రలు కనబడ్డాయి.

ఫోను చేస్తే పలకలేదు. అడవిలోకి పోయే ముందే అందరి ఫోన్లూ తీసి పెట్టారట. మాత్రలు తీసుకుని బస్సెక్కి అడవి గేటు దాకా పోయాను.

“ఏనుగులు ఉండాయమ్మా, లోపలికి పంపేది లేదు. ఈడే కూర్చో,” అన్నాడు కాపలా మనిషి.

డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి ఆయనను దుప్పటిలో మోసుకొచ్చారు. ప్రాణం లేదు. సంచిలో గుండీల డబ్బా మూత తీసి ఉంది.

నేనూ ఆ మూత ఒకసారి తీసి ఉండాల్సింది.

సల్మా, నేను చెప్తా ఉంటే నువ్వు రాసింది ఒకసారి చదువమ్మా. నేను గేటు దాకా పోయినానని రాసినావు గదా?