మిసెస్ 114 ఫిర్యాదు

ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ముగిసిన మరుసటి ఏడాది సెప్టెంబరులో, దోహా అల్ సద్‌లోని మా హోటల్ నుంచి నన్ను డిప్యుటేషన్ మీద అల్ ఖోర్ దాటాక ఎడారిలో కట్టిన కొత్త రిసార్టుకు పంపారు. హోదా ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్. పేరు గంభీరంగా ఉంటుంది కానీ పని తేలిగ్గానే చెప్పవచ్చు. అతిథి తల ఆన్చే దిండు దగ్గర నుంచి కాలు మోపే బాత్‌రూమ్ నేల దాకా శుభ్రంగా ఉంచే పూచీ నాది. జనరల్ మేనేజర్, అంటే మా భాషలో జి.ఎం., కింద ఉండే విభాగాధిపతుల్లో నేనూ ఒకదాన్ని. మిగిలినవాళ్ళు వంటిల్లు, ఫ్రంట్ ఆఫీసు, ఇంజనీరింగ్ వంటివి చూస్తారు. మీటింగుల్లో నా కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కనే ఉండేది, ఎవరైనా కాఫీ అడిగితే లేవడానికి వీలుగా కాబోలు.

ఆ రిసార్టు అమెరికాలోని పాతకాలపు గొడ్లకాపరుల ఊరి నమూనాలో కట్టిన కుటుంబ విహార కేంద్రం. వరసగా చెక్క ఇళ్ళు, దగ్గరికెళ్ళి తడితే సిమెంటు. ఫైబర్‌తో పోతపోసిన బ్రహ్మజెముడు చెట్లు. పిల్లలెక్కడానికి పొట్టి గుర్రాలు, పెద్దలెక్కడానికి కరెంటుతో ఎగిరి పడేసే ఒక ఇనప ఎద్దు. ఊపుడు తలుపుల సారాకొట్టు ఒకటి ఉంది, లోపల నిమ్మరసం, ఖర్జూరం షేక్ అమ్ముతారు. ఒంటెలు మేపిన తాతలున్న దేశంలో, నికార్సయిన ఎడారి నడుమ, డబ్బు పోసి ఇంకెవరి ఎడారినో తెచ్చి పెట్టారు. చుట్టూ గోల్ఫ్ మైదానం. శుద్ధి చేసిన మురుగునీరు పగలూ రాత్రీ తాగుతూ అది పచ్చగా ఉండేది. ఉద్యోగులందరికీ వెడల్పు టోపీ, మెడకు ఎర్ర గుడ్డ ఇచ్చారు. అలా యాభై ఏడేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, నేను గొడ్లకాపరినయ్యాను.

మా జి.ఎం. ఆ టోపీని మీటింగుల్లో కూడా తీసేవారు కాదు. ఆయనది ఏ దేశమో చెప్పను. ఏ దేశం తల పెట్టినా ఆ టోపీ కింద అలాగే ఉంటుందని నా అభిప్రాయం.

కొత్త హోటల్ తలుపులు తెరవడానికి ముందు వారం ట్రయల్ స్టే అని ఒకటి జరుపుతారు. గదులన్నీ ఒకేసారి నింపి, అందరూ ఒకే గంటలో స్నానాలు చేస్తే నీళ్ళు సరిపోతాయా, అందరూ ఒకేసారి ఫలహారానికి దిగితే వంటిల్లు తట్టుకుంటుందా, ఇవన్నీ చూసుకోవాలి. ఆ ఉత్తుత్తి అతిథులకు ఒక బాధ్యత ఉంటుంది. వాళ్ళు గది మురికి చేయాలి, వంకలు పెట్టాలి, ఫిర్యాదులు చేయాలి. అప్పుడే మా లోపాలు బయటపడతాయి. మామూలుగా ఆఫీసు ఉద్యోగుల కుటుంబాలను ఉచితంగా పిలుస్తారు. ఈసారి రిసార్టు తెరిచేదాకా ఫోటోలు బయట పెట్టకూడదని షరతు పెట్టారు. ఫోటో పెట్టే వీల్లేని సుఖం ఎవరికి కావాలి? ఒకరికి పిల్లల పరీక్షలు గుర్తొచ్చాయి, ఇంకొకరికి అత్తగారి బీపీ గుర్తొచ్చింది. బుధవారానికి నలభై గదుల్లో ముప్పై ఆరు ఖాళీ.

గదులు నిండకపోతే ట్రయల్ చెల్లదు, ట్రయల్ చెల్లకపోతే వచ్చే గురువారం ప్రారంభం ఆగిపోతుంది. జి.ఎం. గారికి చెమటలు పట్టాయి. చివరికి హెచ్.ఆర్. మేనేజర్ ఉపాయం కనిపెట్టాడు. ఈ రిసార్టును కట్టిన మా గ్రూపు నిర్మాణ కంపెనీ కూలీలు ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఉన్నారు, వాళ్ళను బస్సుల్లో తెచ్చి గదుల్లో దింపుదాం అన్నాడు. అందరికీ నచ్చింది. గురువారం మధ్యాహ్నం బస్సులు వచ్చాయి. దిగినవాళ్ళలో ఎక్కువ మంది జగిత్యాల, నిర్మల్ వైపు మన మనుషులే.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. అది ఫ్యామిలీ రిసార్టు. బ్యాచిలర్లకు ప్రవేశం లేదు. గల్ఫ్‌లో బ్యాచిలర్ అంటే పెళ్ళి కానివాడని అనుకునేరు. ఇంటి దగ్గర ఆలుబిడ్డలున్నా, వాళ్ళను వెంట తెచ్చుకునేంత జీతం లేనివాడు బ్యాచిలర్. ఆ పద్ధతినే బుకింగ్ కంప్యూటరుకూ నేర్పారు. ఫ్రంట్ ఆఫీసు సూపర్‌వైజర్ సలీం, ఇంట్లో దక్కనీ, నాతో తెలుగు మాట్లాడే హైదరాబాద్ వాడు, తల పట్టుకుని నా దగ్గరకొచ్చాడు.

"మేడం, సిస్టం బ్యాచిలర్‌ను తీస్కుంటలేదు. మిసెస్, ఇద్దరు పిల్లలు ఉంటేనే రూం తెరుస్తది. ఇప్పుడేం చెయ్యాలె, బోలో."

జి.ఎం. గారిని అడిగితే, కంప్యూటర్ ఏం అడిగితే అది ఇవ్వండి అన్నారు. సలీం ఇచ్చాడు. నలుగురు మగాళ్ళను ఒక కుటుంబం చేశాడు. మీసం ఉన్నవాడు మిస్టర్, లేనివాడు మిసెస్, మిగిలిన ఇద్దరూ పిల్లలు. ఆ లెక్కన 114లో మిసెస్‌గా దిగినవాడు రాజేశం. జగిత్యాల దగ్గరి పల్లె, పదకొండేళ్ళుగా దోహాలో ఇనుప చువ్వలు కట్టే పని. అతని పెద్ద కొడుకుగా నమోదైన చంద్రయ్య అతనికంటే ఆరేళ్ళు పెద్ద. పిల్లల క్లబ్బులో చంద్రయ్య ఛాతీకి ఆ ఊరి పోలీసులా షెరీఫ్ నక్షత్రం గుచ్చి, చేతికి రంగు పెన్సిళ్ళిచ్చి, గుర్రం బొమ్మ ముందు కూర్చోబెట్టారు. బొమ్మకు బుద్ధిగా రంగు వేశాడు. భోజనానికి అరచేతిలో పట్టే పిల్లల బర్గర్ పెడితే, తిని, అన్నం ఎప్పుడు పెడతారని మెల్లగా అడిగాడట.

గోల్ఫ్ పరీక్ష ఇంకా బాగా జరిగింది. కర్రలు చేతికిచ్చి ఆడమంటే ఒక్కరూ గడ్డి మీద కాలు పెట్టలేదు. ఆ గడ్డి పరిచింది వాళ్ళే. పరిచిన నెలల్లో దాని మీద అడుగేస్తే ఫోర్‌మన్ బూతులు తిట్టేవాడు. అందరూ సిమెంటు బాట అంచున వరసగా నిలబడి, కర్రలు పట్టుకుని, ఆట చూస్తున్నామన్నట్టు ఖాళీ మైదానాన్ని చూశారు. జి.ఎం. దూరం నుంచి చూసి, అతిథులు చాలా క్రమశిక్షణగా ఉన్నారని మెచ్చుకున్నారు.

శుక్రవారం ఉదయం నా వంతు. గది ఎంత మురికైంది, మా హౌస్‌కీపింగ్ పిల్లలు దాన్ని ఎంతసేపట్లో తిరిగి సిద్ధం చేస్తారు అన్నది నేను చూసుకోవాలి. గదులు తెరిచి చూస్తే నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. దుప్పట్లు మడిచి ఉన్నాయి. బాత్‌రూమ్ నేల తుడిచి ఉంది. చెత్తబుట్టలు ఖాళీ చేసి, కడిగి, బోర్లించారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత శుభ్రమైన గదులను నా సిబ్బంది చేత కూడా చేయించలేకపోయాను. ఫిర్యాదుల సంగతి అడిగితే ప్రతి గది నుంచీ ఒకటే జవాబు, అంతా మంచిగున్నది మేడం అని.

114లో స్నానపు తొట్టి నిండా నీళ్ళున్నాయి. ఐసు ముక్కలకని పెట్టిన స్టీలు బకెట్టు చెంబులా అంచున ఉంది. ఇది నాకు తెలిసిన అలవాటే. ఎండాకాలంలో క్యాంపు మిద్దె మీద ట్యాంకు కాగిపోతుంది. చల్లనీళ్ళ కొళాయిలోనే వేడినీళ్ళు వస్తాయి. అందుకని ముందు రోజే బకెట్లు నింపి, చల్లారాక మరునాడు పోసుకుంటారు. కానీ ఇక్కడ ట్యాంకుకు చల్లార్చే యంత్రం ఉంది. ఈ అవసరం ఎందుకొచ్చిందని అడిగాను. రాజేశం ఎడమ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. చూపించమంటే, మోచేతి కింద బొబ్బలు.

"గా నీలం దిక్కు తిప్పితె మసిలే నీళ్ళొచ్చినయ్ మేడం. చల్లటియే గదా అని చెయ్యి పెట్టిన. ఈ లైన్ల అన్ని రూములల్ల గట్లనే ఉన్నదట. ఎర్ర దిక్కు ఇంకా మసులుతదని ముట్టలే. అందుకే తొట్టి నింపి పెట్టుకున్నం. క్యాంప్ల గూడ గంతే గదా."

నేను కొళాయి తిప్పి చూశాను. వేడి పైపు, చల్ల పైపు తారుమారు చేసి బిగించారు. ఎరుపు గుర్తు వైపు చల్లనివి, నీలం వైపు పొగలు కక్కుతూ మరిగేవి. వచ్చే గురువారం అదే వరుసలో కుటుంబాలు దిగుతాయి. నీలం అంటే చల్లనివని నేర్చుకున్న పిల్ల ఏదో ఒకటి దాన్ని తిప్పి కింద నిలబడుతుంది. పెద్దవాడి మోచేయి బొబ్బలెక్కిన చోట ఆ పిల్ల సంగతి ఏమవుతుందో వేరే చెప్పక్కరలేదు. వీళ్ళు అందరూ నిన్నటి నుంచి ఆ సంగతి తెలిసి కూడా నోరెత్తలేదేమని కోపం వచ్చింది. ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

"పోయినేడు క్యాంప్ల కూర మంచిగ లేదన్నోన్ని వారం తిర్గకముందే ఫ్లైట్ ఎక్కిచ్చిన్రు మేడం. వచ్చే నెల నా ఆకామా రెన్యూవల్ ఉన్నది. పిల్లగాడు పాలిటెక్నిక్ల చదువుతున్నడు. నీళ్ళ సంగతి మీరు చెప్పుకోండ్రి గని, నా పేరు మీదికి పోవద్దు."

ఆకామా అంటే ఆ దేశంలో ఉండటానికి అనుమతి. దాన్ని పొడిగించాలా వద్దా అన్నది కంపెనీ చేతిలో పని. నా కోపం అక్కడితో చల్లారింది.

నేరుగా చీఫ్ ఇంజనీర్ దగ్గరకు వెళ్ళాను. ఆయన ఆగిపోయిన ఇనప ఎద్దు కడుపులో తల పెట్టి ఉన్నాడు. ఆ గదుల ప్లంబింగ్‌ను తన విభాగం పరీక్షించి సంతకం చేసిందని, సంతకం అయిన గదిని మళ్ళీ తెరవాలంటే అతిథి ఫిర్యాదు ఉండాలని, సిబ్బంది గమనించినవి ప్రారంభం తర్వాత చూసే పనుల్లో చేరతాయని ఎద్దు లోపలి నుంచే చెప్పాడు. నియమం నిజమే. పనిగట్టుకుని లోపాలు వెతికే సిబ్బంది వల్ల ప్రారంభాలు ఆగకూడదని అలా పెడతారు. జి.ఎం. అప్పటికే ఓనర్లకు మెయిల్ కొట్టారు. నలభై కుటుంబాలు ఆనందంగా బస చేశాయని, ఒక్క ఫిర్యాదు కూడా లేదని. ఆ ముక్క మా అందరికీ కాపీ పంపి, టోపీ అంచు తాకి అభినందించారు.

అంటే ఒక అతిథి ఫిర్యాదు చేయాలి. ఆ అతిథి రాజేశం కాకూడదు. సాయంత్రం సలీంతో కూర్చుని మాట్లాడాను. సలీం కంప్యూటర్లో గదుల జాబితా తెరిచి, 114 మీద వేలు పెట్టాడు. ఇందులో మిసెస్ ఉంది కదా మేడం, ఆమెతోనే చెప్పిద్దాం అన్నాడు. ఫిర్యాదు నమోదైంది. నీలం వైపు తిప్పితే మరిగే నీళ్ళు వచ్చి తన చేయి కాలిందని, తన పిల్లలిద్దరి గురించి భయపడుతున్నానని మిసెస్ 114 తెలియజేసింది. పిల్లల మాట నేనే చేర్పించాను.

శనివారం ఉదయం ముగింపు మీటింగులో జి.ఎం. ఆ ఫిర్యాదు చదివి ముఖం మాడ్చుకున్నారు. ఎవడు వాడు అని అడిగారు. హెచ్.ఆర్. మేనేజర్ అప్పుడే క్యాంప్ బాస్‌కు ఫోన్ చేయడానికి నంబరు వెతుకుతున్నాడు. నేను తలుపు పక్క కుర్చీలోంచే, ఇంగ్లీషులో, ఒక్కో మాటా స్పష్టంగా అన్నాను.

"వాడు కాదు సార్, ఆమె. 114లో దిగింది ఒక కుటుంబం, ఫిర్యాదు చేసింది ఆ ఇల్లాలు. అక్కడ ఇల్లాలు ఎవరూ లేరని మీరంటే నాకేం అభ్యంతరం లేదు. నిన్న ఓనర్లకు నలభై కుటుంబాలని రాసిన మెయిల్ సంగతి మాత్రం మళ్ళీ చూసుకోవాలి."

హెచ్.ఆర్. మేనేజర్ ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. జి.ఎం. ఆ రోజు మొదటిసారి టోపీ తీశారు. ఆయనకు జుట్టు తక్కువని అందరికీ అప్పుడే తెలిసింది. దాన్ని బల్ల మీద పెట్టి, పాపం ఆవిడకు ఎలా ఉంది అని అడిగారు. మందు రాశామని చెప్పాను. అది నిజమే, నేనే రాశాను.

చీఫ్ ఇంజనీర్ వెళ్ళి కొళాయి తిప్పి, చొక్కా చేయి తడుపుకుని తిరిగొచ్చాడు. ఆ వరుస మొత్తం పైపులు విప్పి, మార్చి బిగించే పని బుధవారానికి పూర్తయింది. గురువారం ప్రారంభం అనుకున్నట్టే జరిగింది. టోపీలు పెట్టుకున్న పిల్లలు ఆ వరుసలోనే దిగారు, ఎవరికీ ఏమీ కాలేదు.

ఫిర్యాదు చేసిన అతిథికి జి.ఎం. సంతకంతో క్షమాపణ లేఖ, ఒక పండ్ల బుట్ట వెళ్ళాలన్నది కూడా నియమమే. ఆయన సంతకం చేశారు. చేయక ఏం చేస్తారు? బుట్టను సలీం తన కారులో ఇండస్ట్రియల్ ఏరియాకు తీసుకెళ్ళాడు, నేనూ వెంట వెళ్ళాను. గౌరవనీయులైన మేడం అని మొదలై, మీకూ మీ ముద్దుల చిన్నారులకూ కలిగిన అసౌకర్యానికి మా హృదయపూర్వక విచారం అంటూ సాగిన ఆ లేఖను క్యాంపు మెట్ల మీద కూర్చుని తెలుగులో చెప్పాను. ముద్దుల చిన్నారి చంద్రయ్య ద్రాక్షపండ్లు తింటూ విన్నాడు. రాజేశం లేఖను రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"పదకొండేండ్ల సంది ఈ కంపెనీల చేస్తున్న మేడం. ఇంత మర్యాదగ నాతోని ఎవ్వలు మాట్లాడలే. ఆడిమనిషినైతెనే మాట్లాడిన్రు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, నాకు సిగ్గేసింది, ఆ కంపెనీ టోపీ నా ఒళ్ళోనే ఉంది మరి.

అతని ఆకామా మరుసటి నెల మామూలుగానే పొడిగించారు. అతని ఫైలు జోలికి పోవలసిన కారణం ఎవరికీ కనిపించలేదు. నేను డిప్యుటేషన్ ముగించుకుని అల్ సద్‌కు, ఆ తర్వాత రిటైరై కాకినాడకు వచ్చేశాను. హౌస్‌కీపింగ్‌లోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, అతిథుల ఫిర్యాదులను ఎలా చూడాలి మేడం అని అడుగుతారు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయన్నది ముందు చూడండని, చెప్పింది ఎవరన్నది తర్వాత చూడండని చెబుతాను. మా వృత్తిలో ఈ రెండూ తలకిందులుగా జరుగుతాయి. ఆ వారం పైపులు మారాయంటే, ఉనికిలోనే లేని ఒక ఆడమనిషి అడిగినందువల్ల. అదే మాట రాజేశం తన పేరుతో చెప్పి ఉంటే, పైపులను అలాగే ఉంచి రాజేశాన్ని మార్చేవారు.