కొత్త పడవకు నా ఆరు పేజీల సందేశం

మైపాడు తీరంలో గాలి లేకుండా, అల తగలకుండా, ఇంకా ఇసుక మీద ఉండగానే ఒక కొత్త పడవను ముంచిన ఘనత నాది. ముంచింది నోటితో.

అప్పుడు నాకు పాతికేళ్ళు. సండే స్కూల్లో కంఠత వాక్యాల బహుమతి ఏటా నాకే వచ్చేది కాబట్టి, పరలోకం నా సలహా కోసం ఎదురుచూస్తున్నదని నమ్మేవాణ్ణి. మా సంఘంలో చేపలవేట చేసే ఏసురత్నం అన్న కొత్త పడవ కొన్నాడు. వాళ్ళమ్మకు సముద్రమంటే భయం. ప్రార్థన జరిగితేనే కొడుకును దానిలో పంపుతానన్నది. ఆ ప్రార్థనలో సందేశం నాకు అప్పగించారు.

ముందురోజు మా అక్క అడిగింది.

"రేయ్, ఏం చెప్పాల్నో రాసుకున్నావా?"

"ఒక్క ఊపులో ఆరు పేజీలు!"

"ఒకసారి చదివి వినిపీ."

"ఆత్మ ఇచ్చిన మాటను దిద్దడమా? అది అవిశ్వాసం అక్కా."

"ఆత్మ ఇచ్చింది సరే. రాసింది నువ్వు గదరా, అందుకే అడగతుండా."

జాలిగా నవ్వాను. ఆరు పేజీల్లో ఒక్క కొట్టివేత లేదు. అంతకన్నా పరిశుద్ధత ఏం కావాలి?

పడవ గనుక ఓడల గురించే చెప్పాలన్నది నా మొత్తం ప్రణాళిక. మర్నాడు తెల్లారుతూనే పడవ పక్కన నిలబడి, దేవుని మాట తప్పి ఓడెక్కి పారిపోయిన ప్రవక్తతో మొదలుపెట్టాను. తుఫాను లేపాను. సరుకంతా సముద్రంలోకి విసిరించాను. చివరికి నావికులు ఆ ప్రవక్తనే ఎత్తి నీళ్ళలో వేస్తే గానీ అలలు ఆగలేదని గొంతు పెంచాను. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కదిలిపోయారనుకున్నాను. ఆ ఉత్సాహంలో ఖైదీగా వెళ్తున్న అపొస్తలుణ్ణి ఇంకో ఓడెక్కించి, ఇంకో తుఫాను లేపి, ఆ ఓడను ఇసుకతిప్పకు గుద్దించి ముక్కలు చేశాను. అందరూ ప్రాణాలతో ఒడ్డు చేరిన సంగతి ఆరో పేజీలో ఉంది. నేను నాలుగులో ఉన్నాను.

పాస్టరుగారు చొక్కా లాగారు. "బ్రదర్, పొద్దెక్కుతా ఉంది. వాళ్ళు వేటకు పోవాల. ముగించండి."

ముగించాను. ఓడ పగిలినచోటే. "ఆమేన్!" అన్నాను. బదులుగా ఏసురత్నం తల్లి ఏడుపు వినిపించింది.

"నా బిడ్డను పంపను పో!" అని ఆమె పడవ ముక్కు పట్టుకుంది. వలలు మోస్తున్నవాళ్ళు వలలు దించేశారు.

"ఏంది తమ్ముడా, ప్రార్థనకు పిలిస్తే ఇట్టా జేసినావు?" అన్నాడు ఏసురత్నం.

"పెద్దమ్మా, చివరికి అందరూ బతికారు! ఆరో పేజీలో ఉంది!"

ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను ఎగాదిగా చూసింది. "అయితే నువ్వు గూడా ఎక్కు నాయనా. నువ్వుంటేనే నా బిడ్డను పోనిస్తా."

నా విశ్వాసానికి ఎంత గౌరవం! ఛాతీ విరుచుకుని ఎక్కాను. అలలు దాటాక గానీ ఏసురత్నం అసలు సంగతి చెప్పలేదు.

"భయపడబాక తమ్ముడా. గాలి లేస్తే ఎవురిని ఎత్తి నీళ్ళలో ఎయ్యాల్నో నువ్వే చెప్పినావు గదా. మా అమ్మ శ్రద్ధగా ఇనింది."

ఆ వేటంతా పడవ అడుగున నక్కి, వాంతికీ వాంతికీ మధ్య నా సందేశాన్ని దిద్దాను. ఆరో పేజీని మొదటికి తెచ్చాను. తుఫాన్లు రెండూ కొట్టేశాను. ఒక్క పేజీ మిగిలింది. ఆత్మ ఇవ్వదలచింది అంతేనేమో.

కనుక సర్వసృష్టికర్త ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ముగింపు ఏమిటో తేల్చుకోకుండా కలం పట్టను. అక్కకు వినిపించకుండా గడప దాటను. కొట్టివేతలు లేని కాగితంతో జనం ముందు నిలబడను.

నాకు ఈత రాదు.