ఊడని కుట్టు

ఆ వీధిలో ఆయన్ని అందరూ సూది బాబాయ్ అనేవారు. సోఫాలు, కుర్చీలు, కారు సీట్లు, తివాచీలు, ఏది చిరిగినా కుట్టడం ఆయన పని. పని అంటే దుకాణం తెరిచినప్పుడు మొదలై మూసినప్పుడు ఆగేది. ఆయనది పని కాదు, జబ్బు. బస్సెక్కితే అందరూ కిటికీలోంచి బయటికి చూస్తారు, ఈయన మాత్రం ముందు సీటు చిరుగు చూస్తాడు. కళ్లజోడు డబ్బాలో ఎప్పుడూ ఒక వంకర సూదీ, మైనం పట్టించిన దారమూ ఉండేవి. అవి బయటికి తీశాడంటే ఇక లోకంతో పని లేదు. కండక్టరు అరిచినా, పక్కవాడు మోచేత్తో పొడిచినా చెవికెక్కదు. కుట్టు ముగిసి తలెత్తేసరికి దిగాల్సిన స్టాపు ఎప్పుడో వెనకబడి ఉండేది. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్లి, నోట్లో దూదితోనే ఆ డాక్టరు కుర్చీ చెయ్యి కుట్టి వచ్చాడు. డాక్టరు మురిసిపోయి ఫీజులో పైసా కూడా తగ్గించలేదు.

ఆయన భార్యని కూడా అందరూ వరస కలిపి పిన్ని అనే పిలిచేవారు. ఆడవాళ్ల పార్లర్లో జుట్టు కత్తిరించడం ఆవిడ పని. పొద్దున కత్తెర పట్టుకుని నిలబడితే సాయంత్రం దాకా నిలబడే ఉండేది. కుర్చీలో కూర్చున్నవాళ్లు వాళ్ల సెలవుల గురించి చెప్తుంటే వినడం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. ఓడలో తిరిగామనీ, ఓడలోనే ఈతకొలను ఉందనీ, పొద్దున లేస్తే నాలుగు పక్కలా నీళ్లేననీ ఏళ్ల తరబడి విని విని ఆవిడకి ఆశ పుట్టింది. నగ అడగలేదు, చీర అడగలేదు, జన్మకి ఆ ఒక్క కోరిక కోరింది. బాబాయ్‌కి సముద్రమంటే భయం. అయినా సరేనన్నాడు. అంతకుముందు ఆవిడ ఏదడిగినా "చూద్దాంలే" అన్న మనిషి, ఆ ఒక్కసారి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు. ఏం లాభం?

ఓడెక్కిన మూడో రోజు భోజనాల హాలుకి దిగుతుంటే, పై మెట్టు మీద తివాచీ అంచు కుట్లూడి నోరు తెరుచుకుని ఉంది. పిన్ని చెప్పు కొస అందులో చిక్కుకుంది. పై నుంచి కింది దాకా దొర్లుకుంటూ పడింది. తుంటి ఎముక విరిగింది. నలుగురు కలిసి స్ట్రెచర్ మీద ఓడ డాక్టరు గదికి చేర్చారు. ఆ గది ఆ మెట్ల కిందే, నాలుగడుగుల దూరంలో ఉంది. డాక్టరు కాలు కదిపినప్పుడల్లా ఆవిడ కేక మెట్ల దాకా వినబడుతోంది.

"నా చెప్పొకటి అక్కడే పడిపోయినట్టుంది," అంది పళ్లు బిగబట్టుకుని. "తెచ్చేసి తొందరగా రండి. నా దగ్గరే ఉండండి."

బాబాయ్ చెప్పు కోసం మెట్లెక్కాడు. చెప్పు కనబడలేదు, తివాచీ కనబడింది. అదే సమయంలో పసిపిల్లని భుజాన వేసుకుని ఒకావిడ దిగబోతోంది. బాబాయ్ రెండు చేతులూ అడ్డం పెట్టి ఆవిణ్ణి పక్కనుంచి దాటించాడు. తర్వాత అక్కడే మెట్టు మీద చతికిలబడి కళ్లజోడు డబ్బా తెరిచాడు.

ఆయన చోట ఇంకెవరైనా ఉంటే ఫొటో తీసేవారు. ఏమీ తెలియని మూర్ఖుడైనా కనీసం గోల చేసేవాడు, కెప్టెన్ని పిలవమని పట్టుబట్టేవాడు. ఈ మహానుభావుడు కుట్టాడు. అంచు లోపలికి మడిచి, కింది జనపనార దాకా సూది దించి, దారం రెండు పేటలు వేసి మరీ కుట్టాడు. శుభ్రం చేసే పనివాడొకడు భుజం తట్టి, మళ్లీ తట్టి, మూడోసారి గట్టిగా తడితేగానీ తలెత్తలేదు.

"దేవుడిలా వచ్చావు సామీ," అన్నాడు ఆ పనివాడు. "ఇది ఊడి చాలా రోజులైంది. మేం చెప్తూనే ఉన్నాం, పట్టించుకునే నాథుడు లేడు." గ్లాసుడు పళ్లరసం కూడా తెచ్చి ఇచ్చాడు.

బాబాయ్ కిందికి వచ్చేసరికి కట్టు కట్టడం అయిపోయింది. పిన్ని మొహం తెల్లగా పాలిపోయి ఉంది. చెప్పు తేవడం మర్చిపోయానని అప్పుడు గుర్తొచ్చింది.

ఊరికి వచ్చాక పెద్దాసుపత్రిలో ఎముక వంకరగా అతుకుతోందన్నారు. మళ్లీ విరిచి సరిచేస్తే ఆవిడ మునుపటిలా నిలబడగలదు, లేకపోతే చేతికర్రే గతి. నిలబడకపోతే పార్లర్లో చోటు లేదు. ఆ ఆపరేషన్‌కి తూగే స్తోమత ఇద్దరి సంపాదన కలిపినా లేదు. ఓడ కంపెనీయే ఇవ్వాలి. అందుకే ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లారు.

లాయరమ్మ వయసులో చిన్నదే అయినా పని తెలిసిన మనిషి. ఓడ కేసులు రోడ్డు మీద దెబ్బ తగిలిన కేసుల్లా ఉండవని ముందే చెప్పింది. పడిన ఏడాదిలోపే వేయాలి, అదీ కంపెనీ ఉన్న రేవు పట్నంలోనే వేయాలి, టిక్కెట్టు కొన్నప్పుడే మనం ఇవన్నీ ఒప్పుకున్నట్టు లెక్క.

"అవన్నీ నేను చూసుకుంటాను బాబాయ్ గారూ," అంది. "పడితే చాలదు. అక్కడ తప్పు ఉందనీ, అది వాళ్లకి ముందే తెలుసనీ చూపించాలి. ఊడిన తివాచీ ఫొటో ఉందా?"

"ఫొటో ఎందుకమ్మా, నేను కుట్టేశానుగా."

లాయరమ్మ కలం కింద పెట్టింది. కాసేపు ఆయన మొహం వంక చూసి, పిన్ని మొహం వంక చూసింది. పిన్ని పడిన సాయంత్రమే కంపెనీవాళ్లు మెట్లన్నీ ఫొటోలు తీసుకుని, ఎక్కడా లోపం లేదని రాసిపెట్టుకున్నారని తర్వాత తెలిసింది. బాబాయ్ కుట్టుకి వాళ్లు కట్టిన ధర అదీ.

ఇక మిగిలింది పళ్లరసం ఇచ్చిన పనివాడు. లాయరమ్మ కిందా మీదా పడి అతన్ని పట్టుకుంది. అతను అదే కంపెనీ ఇంకో ఓడలో ఉన్నాడు. తనకేమీ గుర్తు లేదన్నాడు. ఎవరో ప్రయాణికుడు సూదీ కత్తెరా పట్టుకుని తివాచీ దగ్గర ఏదో చేస్తుండటం మాత్రం చూశానన్నాడు. అతన్ని తిట్టి ఏం ప్రయోజనం? కడుపు కోసం సముద్రం మీద తిరిగేవాడు. తిట్టాల్సింది ఆ మాట అతని చేత చెప్పించినవాళ్లని.

బాబాయ్ వాంగ్మూలం రోజున లాయరమ్మ ఆఫీసులోనే గోడ మీది పెద్ద తెర ముందు కూర్చున్నారు. పిన్ని వాకర్ పక్కన పెట్టుకుని ఆయన పక్కనే కూర్చుంది. తెర మీద కంపెనీ లాయరు కనబడ్డాడు. తలనెరిసిన పెద్దమనిషి. గొంతులో తేనె కారుతోంది. అడిగినదానికే జవాబు చెప్పమనీ, ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడొద్దనీ లాయరమ్మ అంతకుముందే చెవినిల్లు కట్టుకుని చెప్పింది.

కంపెనీ లాయరు తెర మీద ఒక ఫొటో పెట్టాడు. మెట్టు అంచు, దాని మీద కుట్లు, ఒక్కొక్కటీ వేలెడంత పెద్దవిగా.

"ఇది మీ పనేనా అండీ?"

"నాదే." బాబాయ్ కుర్చీలో ముందుకి జరిగాడు. తన చేతిపనిని అంత పెద్దగా ఆయన ఎన్నడూ చూడలేదు.

"మా నిపుణుడు పరీక్షించాడు. ఓడ మొత్తం మీద ఇంత గట్టి అంచు ఇంకోటి లేదన్నాడు. మీరేమంటారు?"

లాయరమ్మ మోచేత్తో పొడిచింది. బస్సులో పొడిచినా దిగని మనిషి, ఇక్కడ మాత్రం ఎందుకు వింటాడు? ఇన్నేళ్ల జీవితంలో ఆయన పనిని ఒక చదువుకున్నవాడు బాగుందనడం అదే మొదటిసారి. పొంగిపోయాడు.

"మిషను కుట్టు పైపైన పోతుంది సార్. నేను అడుగు దాకా దించాను. ఓడ విరిగినా అది ఊడదు."

"అయితే దాని మీద ఎవరైనా తట్టుకుని పడే అవకాశం?"

"ఎలా పడతారు సార్, నేను కుట్టాక!"

"థాంక్యూ," అన్నాడు కంపెనీ లాయరు. "మీరు కుట్టకముందు అది ఊడి ఉందని మీరిద్దరూ తప్ప చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

బాబాయ్ అప్పుడు పక్కకి తిరిగి చూశాడు. పిన్ని ఆయన్ని చూడటం లేదు. తెర మీది కుట్లనే చూస్తోంది.

చివరికి కంపెనీ, తన తప్పేమీ లేదని రాయించుకుని, జాలితో ఇస్తున్నట్టు ఏదో కాస్త విదిలించి చేతులు దులుపుకుంది. ఆపరేషన్ మాట అక్కడితో ఆగిపోయింది. పిన్ని కూర్చుని జుట్టు కత్తిరించేందుకు వీలుగా బాబాయ్ ఎత్తయిన స్టూలొకటి చేయించి, దానికి మెత్తటి సీటు కుట్టాడు. పార్లర్ యజమానురాలు దాన్ని నాలుగు వైపులా తిరిగి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, పిన్ని చోట వేరే అమ్మాయిని పెట్టుకున్నానని చెప్పింది. స్టూలు ఇంటికి తిరిగొచ్చింది.

ఒక మధ్యాహ్నం పిన్ని ఆ స్టూలు మీద కూర్చుని కిటికీలోంచి వీధి చూస్తోంది. బాబాయ్ నేల మీద ఎవరిదో కుర్చీ ముందేసుకుని కుడుతున్నాడు. ఆవిడ రెండుసార్లు పిలిచింది. మూడోసారి చేతికర్రతో భుజం తడితే తలెత్తాడు.

"ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోరుగా?"

"ఏమిటో అడుగు. నువ్వు తిడితే పడతాను. నా వల్లే కదా కేసు పోయింది."

"కేసు పోతే పోయింది. ఆ పసిపిల్ల తల్లి పడకుండా ఆపారు, అది మంచిదే. అదికాదు." ఆవిడ చేతికర్రని గోడకి ఆనించింది. "ఆ రోజు తెర మీద మీ కుట్లు చూశాను. మొదటి నుంచి చివరి దాకా ఒక్కటైనా వంకర పోలేదు. నేను కింద గదిలో అరుస్తూనే ఉన్నాను కదండీ. మీ చెయ్యి ఒక్కసారైనా వణకలేదా?"

బాబాయ్ సూదిని కుర్చీకే గుచ్చి వదిలేశాడు. వణికిందని చెప్తే సరిపోయేది. ఆవిడ నమ్మడానికి సిద్ధంగానే ఉంది. కానీ ఆయనకి అబద్ధం చెప్పడం రాదు.

"నాకు వినబడలేదే," అన్నాడు.

పిన్ని తలాడించి, మళ్లీ కిటికీ వైపు తిరిగింది.